పాము పైకెక్కడం పటంలోనే లేదు

వైకుంఠపాళి ఆడిన ప్రతివాడికీ తెలిసిన శాస్త్రం ఒకటుంది: ఎక్కడానికి నిచ్చెన, దిగడానికి పాము. బాల్ పైథాన్ అనే చిన్న ఆఫ్రికా కొండచిలువను ఇంట్లో పెంచేవాళ్ళలో ఒక వర్గం ఈ శాస్త్రాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తుంది. "ఇది నేల పామండీ, ఎక్కదు" అంటారు. ఆ "ఎక్కదు"లో ఎంత నిబ్బరమో చూడాలి, పాము స్వయంగా వచ్చి హామీ పత్రం మీద సంతకం చేసి పోయినట్టు! మన పెద్దలు కొండచిలువ పేరులోనే కొండను పెట్టారు. వాళ్ళకేం తెలుసు పాపం, వాళ్ళ దగ్గర పాముల్ని పెట్టి పెంచే ప్లాస్టిక్ సొరుగులు లేవు.

మా మిత్రుడొకాయన ఆ వర్గంలో ముఖ్యుడు. ఆయన పెంచే మూడున్నర అడుగుల మగ పాము సొరుగులోనే కాపురం. ఒక రాత్రి ఆ సొరుగు రెండు వేళ్ళ సందు తెరిచి ఉండిపోయింది. తెల్లారేసరికి పాము లేదు. నేల పాము గనక ఆయన నేలంతా గాలించాడు. మంచం కింద, బీరువా కింద, చాప చుట్టలో, చివరికి బూట్లలో. బోర్లా పడుకుని టార్చి వేసి మరీ చూశాడు. పక్కింటి పిల్లవాడు వచ్చి "కర్టెన్ రాడ్డు మీదుంది కదంకుల్" అంటే, "అది నా బెల్టురా" అన్నాడు. బెల్టు నాలుక బయటపెట్టింది. అయినా తగ్గలేదు. "ఎక్కలేదు, దారి తప్పింది" అన్నాడు. ఏడడుగుల ఎత్తున రెండు చుట్లు చుట్టుకుని నిశ్చింతగా దారి తప్పిన ఆ నేల జీవిని దించడానికి, ఆయన వెళ్ళి నిచ్చెన తెచ్చుకున్నాడు.

పామేమో నిచ్చెన లేకుండానే ఎక్కింది. ఈ సంగతి నేను గట్టిగానే గుర్తుచేశాను. "ఎక్కిందంటే ఒత్తిడిలో ఉందన్నమాట" అన్నాడు. ఎక్కకపోతే స్వభావం, ఎక్కితే రోగం. ఇలాంటి సిద్ధాంతాన్ని ఓడించడం పాము వల్ల అవుతుందా?

వాళ్ళ వాదనకు పునాది లేకపోలేదు. పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డిమైదానాల్లో ఈ పాము పగలంతా ఎలుక బొరియల్లో, చెదలు పెట్టిన పుట్టల్లో పడి ఉంటుంది. పట్టేవాళ్ళు అక్కడే తవ్వి తీస్తారు. కానీ ఇది రాత్రి తిరిగే ప్రాణి. మిట్టమధ్యాహ్నం మంచం మీద గుర్రు పెడుతున్న మనిషిని చూసి "ఇది మంచపు జంతువు, నడవదు" అని రాసుకుంటే ఎలా ఉంటుంది? లూయిసెల్లి, ఆంజెలిచి అనే ఇద్దరు పరిశోధకులు ఆగ్నేయ నైజీరియా అడవుల్లో ఇవి ఏం తింటున్నాయో చూసి 1998లో ప్రచురించారు. 70 సెంటీమీటర్ల లోపువి ఎక్కువగా పక్షుల్ని తిన్నాయి. మీటరు దాటినవి దాదాపుగా ఎలుకల వంటి చిన్న జంతువులతోనే సరిపెట్టుకున్నాయి. మగవాటి తిండిలో సుమారు 70 శాతం పక్షులే. మా మిత్రుడి లెక్కన ఆ పక్షులన్నీ వరసగా నడుచుకుంటూ బొరియల్లోకి వచ్చి ఉంటాయి.

అలాగని ఇది చెట్టు పాము కాదు. ఒళ్ళు లావు, తోక పొట్టి. చెట్ల మీద బతికే గ్రీన్ ట్రీ పైథాన్‌లా తోకతో కొమ్మను పట్టుకుని వేలాడే ఒడుపు దీనికి లేదు, ఎత్తునుంచి పడితే దెబ్బ తగులుతుంది. కాబట్టి దాని పెట్టెలో కింద దాక్కోవడానికి గూళ్ళు, మరీ ఎత్తు కాకుండా కదలని లావుపాటి కొమ్మ. అంతే సంగతి.

అంతే సంగతైతే ఇన్నేళ్ళ వాదన ఎందుకు? సొరుగులో కొమ్మ పట్టదు గనక. పామును చూసి పెట్టె కొన్నవాడు లేడు, పెట్టెను చూసి పాముకు జాతకం రాసినవాళ్ళే అందరూ. "చోటెక్కువైతే భయపడి తిండి మానేస్తుందండీ" అంటారు మళ్ళీ. దాక్కునే చోటు ఒక్కటీ లేకుండా ఖాళీ గాజుపెట్టెలో పడేస్తే భయపడదా మరి? సెయింట్ లూయిస్ జూలో 1961 నుంచి ఉన్న బాల్ పైథాన్ ఒకటి 2020లో, 62 ఏళ్ళు దాటాక, ఏడు గుడ్లు పెట్టింది. అన్నేళ్ళు బతకగల ప్రాణిని, ఒళ్ళు తిన్నగా చాచుకోను కూడా వీల్లేని డబ్బాలో కుక్కి, పైన ఇంకో డబ్బా, దానిపైన ఇంకోటి పేర్చి, చెప్పుల దుకాణంలా నడుపుతూ, అది దాని స్వభావమని చెప్పడానికి నోరెలా వస్తుంది? చోటు లేదని చెప్పండి. డబ్బు దండగని చెప్పండి. ఆ నింద మాత్రం నోరులేని పాము మీద వెయ్యకండి.

మా మిత్రుడు ఇప్పుడా సొరుగుకి రెండు వరసల టేపు అంటించాడు. రాత్రిళ్ళు లోపల్నుంచి ముక్కుతో పైకి నెడుతున్న చప్పుడు వినిపిస్తోందట. నేల కోసం వెతుక్కుంటోందని ఆయన వివరణ.