99 ఏళ్ల లీజట! దస్తావేజు ఎక్కడ?

ఆగస్టు 15 దగ్గరపడితే చాలు, ఆ మెసేజ్ మళ్లీ తిరగడం మొదలవుతుంది. 1947లో మనకొచ్చింది స్వాతంత్ర్యం కాదట, అధికార మార్పిడేనట. దేశాన్ని బ్రిటన్ 99 ఏళ్లకు లీజుకిచ్చిందట. తలుచుకుంటే బ్రిటిష్ పార్లమెంటు తాను చేసిన భారత స్వాతంత్ర్య చట్టాన్ని రద్దుచేసి మనల్ని వెనక్కి తీసుకోగలదట. కామన్వెల్త్‌లో (ఎక్కువగా ఒకప్పటి బ్రిటిష్ వలస దేశాలున్న కూటమి) ఉండటమే ఇందుకు సాక్ష్యమట.

లీజు సంగతి ముందు తేల్చేద్దాం. 1947 జూలై 18న రాజు ఆమోదం పొందిన భారత స్వాతంత్ర్య చట్టంలో ఉన్నవి 20 సెక్షన్లు, 3 షెడ్యూళ్లు. ఒక్క పూటలో చదివేయొచ్చు. దేశాన్ని లీజుకిస్తున్నట్టు గానీ, ఫలానా ఏడాది తిరిగి అప్పగించాలని గానీ అందులో ఎక్కడా లేదు. 99 అంకె హాంకాంగ్ నుంచి ఎగిరొచ్చిందేమో (అక్కడి న్యూ టెరిటరీస్‌ను 1898లో చైనా నుంచి బ్రిటన్ నిజంగానే 99 ఏళ్ల లీజుకు తీసుకుంది). పైగా అదే చట్టంతో ఏర్పడిన పాకిస్థాన్ కూడా లీజు దేశమే అవ్వాలిగా? దాని ఊసే ఉండదు.

అధికార మార్పిడి అన్న మాటలో మాత్రం కొంత నిజముంది. 1950 జనవరి 26 దాకా మనది డొమినియన్, అంటే బ్రిటిష్ రాజునే రాజుగా ఉంచుకుని సొంతంగా పాలించుకునే దేశం. రాజు ఆరో జార్జి. ఆయన పేరిట గవర్నర్ జనరల్‌గా మౌంట్‌బాటన్, తర్వాత రాజాజీ. అయితే కిరీటం ఎవరి నెత్తిన ఉందో చూసి సార్వభౌమాధికారం ఎవరిదో చెప్పలేం. చట్టం విషయంలో ఆఖరి మాట ఎవరిదో చూడాలి. 1947 చట్టం 6వ సెక్షన్ ప్రకారం, ఇంగ్లండు చట్టానికి విరుద్ధమన్న కారణంతో మన చట్టం చెల్లకుండా పోదు. అక్కడ కొత్తగా చేసే చట్టం మనం ఒప్పుకుంటే తప్ప ఇక్కడ వర్తించదు. ఆ స్వాతంత్ర్య చట్టాన్నే రద్దు చేసుకునే అధికారమూ మనకే ఇచ్చారు. ‘ఈ కాగితం నీకిష్టమైనప్పుడు చింపేసుకో’ అని రాసిచ్చే ఇంటి యజమాని ఎక్కడైనా ఉంటాడా?

చింపేశాం కూడా. రాజ్యాంగంలోని చివరి అధికరణం, 395, 1947 చట్టాన్నీ, అప్పటిదాకా పాలనకు ఆధారమైన 1935 భారత ప్రభుత్వ చట్టాన్నీ రద్దు చేసింది. ఇక్కడ రాజ్యాంగ సభ తెలివిని మెచ్చుకోవాలి. రాజ్యాంగాన్ని గవర్నర్ జనరల్ ఆమోదానికి పంపనే లేదు. సభాధ్యక్షుడు రాజేంద్రప్రసాద్ సంతకంతో సరిపెట్టారు. లండన్‌తో ఉన్న ఆ చివరి పోగునూ కావాలనే తెంపేశారు. కెనడా అయితే 1982 దాకా తన రాజ్యాంగంలో కీలక మార్పులకు బ్రిటిష్ పార్లమెంటు గడప తొక్కాల్సి వచ్చింది. మనం తొలి సవరణను 1951లో ఢిల్లీలోనే చేసుకున్నాం, ఎవరినీ అడక్కుండా. ఇక రేపు లండన్‌లో 1947 చట్టాన్ని రద్దు చేశారే అనుకుందాం. మన సుప్రీంకోర్టు చూసేది మన రాజ్యాంగాన్ని. అందులో ఆ చట్టం ఎప్పుడో పోయింది.

మిగిలింది కామన్వెల్త్. 1949 ఏప్రిల్ నాటి లండన్ ప్రకటనలో రాజును సభ్యదేశాల స్వేచ్ఛా కూటమికి చిహ్నంగా ఒప్పుకున్నాం, అంతే. మన మీద అధికారమేమీ ఇవ్వలేదు. పాకిస్థాన్ 1972లో బయటికెళ్లి 1989లో తిరిగొచ్చింది. పోర్చుగల్ ఏలిన మొజాంబిక్ 1995లో చేరింది. మరి దాన్ని లీజుకిచ్చిందెవరో ఆ మెసేజ్ రాసినవాళ్లే చెప్పాలి.