సవరణ: ఆర్‌సీఎస్ ఇంకా ఈమెయిల్ అంత ఓపెన్ కాదు

2024 సెప్టెంబర్‌లో ఐఓఎస్ 18తో ఐఫోన్‌కి ఆర్‌సీఎస్ (ఎస్ఎంఎస్ తర్వాతి తరం మెసేజింగ్ పద్ధతి) వచ్చింది, ఇక మెసేజింగ్ ఈమెయిల్ లాగా ఓపెన్ అయినట్టే అని మొన్న పోస్టు పెట్టా కదా, ఆ రెండో ముక్కకి ఈ సవరణ. స్టాండర్డ్ మొబైల్ ఆపరేటర్ల సంఘం జీఎస్ఎంఏది, ఎవరైనా చదువుకోవచ్చు, కానీ ఈమెయిల్‌కైతే మనమే సొంత సర్వర్ పెట్టుకోవచ్చు, ఇక్కడ అలా కుదరదు, పైగా చాలా దేశాల్లో ఆపరేటర్ల వెనక నడిచేది గూగుల్ 2015లో కొన్న జైబ్ ప్లాట్‌ఫామే. నెట్‌వర్కులు ఎన్నున్నా దారి ఒక్కరి చేతిలోకే పోతోంది, నన్నడిగితే అసలు ఇబ్బంది ఇదే. ఇంకోటి, ఐఓఎస్ 18 వచ్చినప్పుడు ఐఫోన్, ఆండ్రాయిడ్ మధ్య ఆర్‌సీఎస్‌లో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప మధ్యలో ఎవరూ చదవలేని రక్షణ) లేదు, ఎంఎల్ఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో దాన్ని స్టాండర్డ్‌లో చేర్చింది 2025 మార్చిలోనే, చేర్చినంత మాత్రాన ప్రతి ఫోన్లో పనిచేస్తుందని కాదు. చాట్‌లో ఎన్‌క్రిప్షన్ ఉందని చూపే తాళం గుర్తు చూసుకున్నాకే సొంత విషయాలు పంపండి.