నూరు డిగ్రీల స్వావలంబన

కెమెరా కలర్ రీలును ఇంట్లోనే కడుక్కోవడం ప్రతి పౌరుడి జన్మహక్కు. ల్యాబ్‌కిస్తే శుభ్రంగా కడిగి చేతిలో పెడతారు, నిజమే. అందులో మన ప్రయోజకత్వం ఏముంది?

1972లో కోడాక్ వాళ్లు కలర్ ఫిల్ము కడిగే సి-41 పద్ధతి తెచ్చినప్పుడు, బొమ్మను తేల్చే మందు డెవలపర్ 37.8 సెల్సియస్, అంటే నూరు ఫారన్‌హీట్ ఉండాలనీ, ఫిల్ము అందులో 3 నిమిషాల 15 సెకన్లు నానాలనీ తేల్చారు. అమెరికాలో తమ ఊరు రోచెస్టర్ మంచులో కూర్చుని ఈ లెక్క కట్టారంటే నేను నమ్మను. మే నెల మధ్యాహ్నం బెజవాడలో మేడమీద నల్ల ట్యాంకు కుళాయి కింద చెయ్యి పెట్టి కెవ్వుమన్నవాడెవడో వాళ్లలో ఉండే ఉంటాడు. ఇంతటి జాతీయ సంపదను మనం స్నానాలకు తగలేస్తున్నాం.

సరుకుల సంగతీ అంతే. తేలిన బొమ్మను నిలిపే ఫిక్సర్‌కి కావలసిన హైపో అనే ఉప్పును చేపల తొట్టెల కొట్లో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్ముతారు. కాఫీపొడి, బట్టల సోడా, విటమిన్ సి కలిపినా బొమ్మ తేలుతుంది, కాకపోతే నలుపూ తెలుపే. రంగు రావాలంటే సీడీ-4 అనే మందు ఆక్సీకరణం చెంది, ఫిల్ము పొరల్లో దాగిన కప్లర్లనే రంగు పదార్థాలతో జతకట్టాలి. ఆ సంబంధం కుదిర్చే సరుకు మా కిరాణాలో లేదు. స్వదేశీ ఉద్యమానికి ఈ మచ్చ తప్పలేదు, కొరియర్లో తెప్పించాను.

ఫిల్ములో మిగిలిన వెండిని ఫిక్సర్‌లో కరిగేలా మార్చే బ్లీచ్‌కి పొటాషియం ఫెర్రిసైనైడ్. ఎర్రటి పలుకులు, చూడముచ్చటగా ఉంటాయి. మా ఆవిడ లేబుల్ చదివి, "ఏమండీ, ఇది ఎవరికి?" అంది. అందులో సైనైడ్ ఇనుముతో గట్టిగా ముడిపడి ఉంటుందనీ, ఆమ్లమూ వేడీ తగలనంతవరకు భయం లేదనీ శాస్త్రీయంగా వివరించాను. ఆమె ఏమీ అనకుండా చింతపండు డబ్బా తీసి పై అరలో పెట్టింది.

నూరు ఫారన్‌హీట్ కొలవడానికి వేరే పరికరం దేనికి? ఇంట్లో పాదరసం జ్వరం థర్మామీటర్ ఉంది. డెవలపర్‌కి సరిగ్గా నూరు జ్వరం. ఇక రీలును కడిగే డబ్బాలోకి చుట్టడానికి చీకటి కావాలి. మే నెలలో రజాయి కింద దూరాలంటే ఏసీ తప్పదు కదా, 22లో పెట్టి, మందు సీసా పక్కనే ఉంచుకున్నాను. అరగంట కుస్తీ పట్టి బయటికొచ్చి చూస్తే థర్మామీటర్ ఇంకా నూరే. పొంగిపోయి మందు పోసేశాను. జ్వరం థర్మామీటర్‌ని విదిలిస్తే తప్ప పాదరసం దిగదన్న సంగతి, 36 బొమ్మలూ నీళ్లమజ్జిగలా పల్చగా తేలాక గుర్తొచ్చింది. మావాడి పుట్టువెంట్రుకల వేడుకలో ఎవరు గుండో, ఎవరు కలశమో పోల్చుకోలేం.

మర్నాడు పొద్దున్న మా ఆవిడ సింకు పక్కన థర్మామీటర్ చూసింది. నూరు. కంగారుగా వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"ఒళ్లు చల్లగానే ఉంది. మరిదేం రోగమండీ?"