వరస తప్పించి చూపించండి

ఊరూరా పిల్లల గ్రంథాలయం పెడితే చదవడం వస్తుందన్నారు వ్యాసంలో. పుస్తకాలతో పాటు పక్కన కూర్చునే మనిషీ కావాలి. డిగ్రీ చదివేవాళ్లు, పొదుపు సంఘం అక్కలు ఎవరైనా సరే, ఒక్కరికి ఐదారుగురు పిల్లలు, రోజూ అరగంట. తరగతిని బట్టి కాదు, అసర్ (పల్లె పిల్లల చదువును ఇళ్లకు వెళ్లి చూసే సర్వే) పరీక్షలోలా అక్షరం, పదం, పేరా, కథల్లో ఎక్కడ ఆగుతున్నారో చూసి పిల్లల్ని జట్లుగా కూర్చోబెట్టండి.

తెలుగులో అసలు చిక్కు గుణింతం. 'క కా కి కీ' గడగడా అప్పజెబుతారు, విడిగా 'కొ' చూపిస్తే మళ్లీ 'క' నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తారు. వాళ్లకు వచ్చింది పాట, చదవడం కాదు! ఒక్కో అక్షరం ఒక్కో అట్టముక్క మీద రాసి, వరస తప్పించి చూపించండి. కొడవలి, కోడి, మేక లాంటి తెలిసిన మాటల్లో చదివించండి. ఒత్తుల్లో త, న, మ, య, ర అసలు అక్షరాన్ని పోలి ఉండవు, వాటిని రోజుకొకటి చొప్పున విడిగా నేర్పాలి. తడబడగానే మాట అందించకండి, కాసేపు ఆగండి.