స్కాట్లాండ్ తాగుబోతులకు చట్టం చేసిన మేలు

స్కాట్లాండ్ వాళ్లు తెగ తాగుతారని లోకమంతా ఆడిపోసుకుంటుంది గానీ, వాళ్లచేత మందు మాన్పించడానికి ఏలినవారు పడ్డ పాట్లు ఎవరికీ పట్టవు. ఆ లోటు తీర్చడం నా ధర్మం.

1853లో ఫోర్బ్స్ మెకంజీ చట్టం వచ్చింది. ఆదివారం పబ్బులు బంద్. మరి దారినపోయేవాడికి గొంతెండితే? పాపం కదా, అందుకని హోటళ్లలో నిఖార్సైన ప్రయాణికులకు మాత్రం పోయొచ్చన్నారు. ఇంకేముంది, జనం మూటాముల్లె లేకుండానే ప్రయాణాలు కట్టారు. ఈ ఊరివాళ్లు పక్క ఊరికి, పక్క ఊరివాళ్లు ఈ ఊరికి. హోటల్లో ఒక పుస్తకం ముందుకు తోసేవారు. పేరు, ఎక్కణ్నుంచి రాక, ఎక్కడికి పోక, అన్నీ రాసి సంతకం పెట్టాలి. ‘ఎక్కడికి’ అన్నచోట ‘ఇక్కడికే’ అని రాస్తే మాత్రం కుదరదు. పర్యాటకాన్ని ఇంతగా పెంచిన చట్టం ఇంకోటి ఉంటుందా?

పబ్బులకు ఆదివారం మోక్షం 1976 చట్టంతో గానీ రాలేదు. అంతవరకు మామూలు రోజుల్లో కూడా రాత్రి పదింటికే మూత. టైమైపోతోందంటే నెమ్మదిగా చప్పరిస్తూ కూర్చునేవాడు ఎవడు? గంట మోగేలోపు గబగబా దించేయడమే. మితం నేర్పడానికి ఇదొక పద్ధతి.

1922లో స్కాట్లాండ్‌లోని డండీ నగరం ఓటర్లు సాక్షాత్తూ విన్‌స్టన్ చర్చిల్‌ను ఓడించి, మద్యనిషేధ పార్టీ తరఫున నిలబడ్డ ఎడ్విన్ స్క్రిమ్‌జర్‌ను పార్లమెంటుకు పంపారు. చర్చిల్ ఆ రాత్రి ఏం తాగి ఓదార్చుకున్నారో మనకెందుకు.

ఫుట్‌బాల్ సంగతి ఇంకా సూక్ష్మం. 1980 కప్పు ఫైనల్లో సెల్టిక్, రేంజర్స్ అభిమానులు హ్యాంప్‌డెన్ మైదానంలోకి దూకి కొట్టుకున్నారు. దాంతో ఫుట్‌బాల్ ప్రేక్షకులకు మందు బంద్. ఎడిన్‌బరోలోని ముర్రేఫీల్డ్ స్టేడియంలో రగ్బీ చూసేవాళ్లు మాత్రం నిక్షేపంగా బీరు కొనుక్కోవచ్చు. మనిషి అదే, గొంతూ అదే. బంతి గుండ్రంగా ఉంటే ప్రమాదం, కోలగా ఉంటే సంస్కారం.

2018లో యూనిట్ ఆల్కహాల్‌కు, అంటే పది మిల్లీలీటర్ల అచ్చమైన ఆల్కహాల్‌కు, 50 పెన్నీల కనీస ధర పెట్టారు. 2024లో దాన్ని 65 చేశారు. దీనివల్ల మద్యం మరణాలు 13.4 శాతం తగ్గాయని అక్కడి ప్రజారోగ్య సంస్థ పబ్లిక్ హెల్త్ స్కాట్లాండ్ 2023లో లెక్కగట్టింది. నా వ్యాసానికి ఇది పెద్ద దెబ్బే, ఒప్పుకోక తప్పదు. కాకపోతే ఆ ధర పన్ను కాదు. పెరిగిన డబ్బు అమ్మినవాడి గల్లాపెట్టెలోకే పోతుంది. జనం చేత మందు తగ్గించే పుణ్యకార్యానికి దక్షిణ మందు దుకాణం వాడికే!