అయస్కాంతం తీసి పక్కన పెట్టండి, తర్వాత రేటు మాట్లాడుకుందాం

మా బావ ఒమన్‌లో పని చేస్తాడు. సైట్ పక్క ఎడారిలో కనిపించిన నల్లరాయి ఫోటో ఒకటి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. అంతే, అది ఆకాశం నుంచి పడిన ఉల్కాశిలేనని చీపురుపల్లి నుంచి ఇచ్ఛాపురం దాకా చుట్టాలందరూ లెక్కల్లో పడ్డారు. "ఎంతొస్తాదేటి?" అని పిన్ని. విశాఖలో ఫ్లాట్ దాకా వెళ్లిపోయాడు చిన్నాన్న. అసలది ఏం రాయి అని అడిగిన మనిషి లేడు.

పైగా అందరి సలహా ఒకటే: "అయస్కాంతం పెట్టి చూడు." దయచేసి ఆ పని చేయకండి. కళింగపట్నం తీరంలో నల్ల ఇసుక కూడా అయస్కాంతానికి అంటుకుంటుంది, అదేం ఆకాశం నుంచి రాలలేదు కదా. అసలు నష్టం వేరే ఉంది. రాయి పుట్టినప్పటి అయస్కాంత క్షేత్రం గుర్తులు దానిలో కోట్ల ఏళ్లు నిలిచి ఉంటాయి. బలమైన అయస్కాంతం తాకిస్తే చెరిగిపోతాయి. సహారాలో దొరికిన అంగారకుడి రాయి 'బ్లాక్ బ్యూటీ'కి జరిగింది ఇదేనని 2023లో పరిశోధకులు తేల్చారు. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ టెస్టు చేసి చేసి ఆ చరిత్రని తుడిచేశారు.

ఫోటో చూసి తేల్చడం కూడా కుదరదు. గరివిడి ఫ్యాక్టరీలో లోహం తీశాక మిగిలే స్లాగ్ కూడా నల్లగానే ఉంటుంది. కాకపోతే స్లాగ్‌లో బుడగల గుంతలుంటాయి, ఉల్కాశిలలో దాదాపు ఉండవు. ఇంతకుమించి తెలియాలంటే రాయిని కోయాలి, పల్చటి పొర తీసి మైక్రోస్కోపు కింద పెట్టాలి, ఆలివిన్ ఖనిజంలో ఇనుము ఎంతుందో కొలవాలి.

నాకు బాగా నచ్చే మెలిక ఇక్కడుంది. ఉల్కాశిలల్లో ఎక్కువగా దొరికే రకం ఆర్డినరీ కాండ్రైట్. అందులో హెచ్, ఎల్, ఎల్‌ఎల్ అని మూడు గుంపులు. మొత్తం మీద ఇనుము ఎక్కువ ఉన్నది హెచ్. కానీ ఆలివిన్‌లో ఇనుము తక్కువ ఉన్నది కూడా హెచ్చే! దాని ఇనుములో ఎక్కువ భాగం లోహంగానే మిగిలిపోయింది. ఎల్‌ఎల్‌లో ఆక్సిజన్‌తో కలిసి ఖనిజంలోకి దూరింది. ఆ పక్కన, రాయి ఎంత వేడెక్కిందో చెప్పడానికి 3 నుంచి 6 దాకా ఇంకో అంకె. 3 అయితే కాండ్రూల్స్ అనే గుండ్రటి గింజలు స్పష్టంగా కనిపిస్తాయి, 6 అయితే వేడికి అంచులు చెదిరి చుట్టూ ఉన్న రాయిలో కలిసిపోయినట్టుంటాయి. ఎడారిలో ఎంత తుప్పు పట్టిందో చెప్పడానికి డబ్ల్యూ0 నుంచి డబ్ల్యూ6 దాకా మరో కొలత.

ఇంతా చేసి "ఆర్డినరీ కాండ్రైట్" అని రిపోర్టు వస్తే మనవాళ్లు పెదవి విరుస్తారు. సుమారు 456 కోట్ల ఏళ్ల వయసున్న రాయిని మామూలుదంటే ఎలా?

అధికారికంగా పేరు రావాలంటే 20 గ్రాములు, లేదా రాయిలో 20 శాతం, ఏది తక్కువైతే అది ఒక పరిశోధన సంస్థలో భద్రపరచాలి. మన వాట్సాప్ వ్యాపారుల దగ్గర ఈ ముక్క ప్రస్తావన ఉండదు. ఒమన్‌లో అయితే అనుమతి లేకుండా ఉల్కాశిలని దేశం దాటించకూడదు కూడా. గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలకి ముందు చెప్పాల్సింది ఇదీ.

ఇంకో సంగతి. 1870లో పార్వతీపురం వైపే ఒక ఉల్క పడింది. ఉల్కాశిలల జాబితాలో దాని పేరు నెడగొల్ల అని ఉంటుంది. అది రాయి కాదు, ఇనుము. వర్గీకరణలో ఇప్పటికీ ఏ గుంపులోనూ ఇమడలేదు. ఇది మన స్కూళ్లలో ఒక్క పేరా పాఠంగానైనా ఎందుకు లేదో!