బోరు దగ్గర తాత

మొన్నొక సత్కార సభ ఆహ్వానం వచ్చింది. శాలువా కప్పించుకోబోతున్నది పేరుమోసిన ఆరోగ్య పరిశోధకులు. కార్డు వెనక 'పరిశోధనాసక్తులు' అని అరపేజీ. మా ఇంట్లో నెల సరుకుల చిట్టీ కూడా అంత పొడవుండదు.

ఆసక్తులు మారకూడదని నేననను. వయసు మీదపడితే నోటి రుచే మారుతుంది. కాకపోతే వీరి ఆసక్తికి ముక్కు చాలా చురుకు. గ్రాంటు ఏ వీధిలో ఉడుకుతున్నా పట్టేస్తుంది.

వారి ప్రసంగాలు అయిదు విన్న ధన్యుణ్ణి. అయిదింటికీ మొదటి స్లైడు ఒకటే: అంతుచిక్కని కిడ్నీ జబ్బు పట్టిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కొబ్బరిచెట్ల నీడన బోరు కొడుతున్న తాత. జబ్బుకి కారణం ఇదీ అని చూపే ఎర్ర బాణం గుర్తు మొదటిసారి నీళ్ల మీదుంది: సిలికా, భారలోహాలు. రెండోసారి అది వెనకున్న జీడితోటకి జరిగింది: పురుగుమందులు. వాతావరణ మార్పుకి నిధులొచ్చాక తాత నుదుటి చెమట మీద వాలింది: ఎండ, ఒంట్లో నీరు తగ్గడం. 2020లో ముక్కు మీదికెక్కింది, మాస్కు లేదని. ఆఖరికి ఎవరో తాత చేతికి సెల్‌ఫోను అతికించారు. కృత్రిమ మేధ! చెయ్యి ఫోనుకి పోయింది కాబట్టి పంపు దానంతటదే కొట్టుకుంటోంది.

నిజానికి మొదటి మూడు అనుమానాలూ కొట్టిపారేసేవి కావు. ఏదో ఒకటి తేలేదాకా కూర్చోవాలి కదా! కూర్చుంటే ప్రమోషన్ ఎప్పుడు?

ఆ ఉద్దానంలోనే కవిటి వైపు వెళ్లండి. మనం 'భోంచేశారా' అన్నంత మామూలుగా అక్కడ 'క్రియాటినిన్ ఎంత?' అంటారు. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె అది. 1కి అటూ ఇటూ ఉండాల్సింది, ఆరనీ ఏడనీ జవాబు. పలాసలో 2023లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. డయాలసిస్‌కి మంచం దొరికింది. జబ్బుకి కారణం ఇప్పటికీ దొరకలేదు. అరుగు మీద కూర్చున్న ఒక ముసలమ్మ నన్నూ డాక్టరే అనుకుంది. "మా ముసిలోడి రగతం మూడుసార్లు అట్టుకెల్లారు బాబూ, ఏటి తేలిందో సెప్పనేదు" అంది. ఏం చెప్పను? నీ పెనిమిటి రక్తం పేపరైంది, పేపరు విమానం టికెట్టైంది, మీకు మాత్రం ఓ కాగితం ముక్క పంపడానికి అయిదు రూపాయల స్టాంపు లేకపోయిందని చెప్పనా? సిగ్గుండాలి!

గోడ మీద దండ వేసిన ఫొటో చూశాను. బోరు దగ్గర తాతే.

ఇంతకీ సత్కారం తర్వాత వారి ప్రసంగం కూడా ఉందట. కొత్త ఆసక్తి: 'నిండు నూరేళ్ల ఆయుష్షు'. కార్డు మీద అందంగా అచ్చేశారు, కొబ్బరిచెట్లు, బోరు, తాత.